గుట్టెక్కే సైకిల్, గుట్టు విప్పే యాప్

వానలు వెనకబట్టి గుట్టల మీది మొరం దారులు గట్టిపడగానే మౌంటెన్ బైక్ ప్రశ్నలు మొదలవుతాయి. పంపేవాళ్ళు మారతారు, ఫిర్యాదు మారదు. అందుకే మొదట దాని సంగతే చూద్దాం.

ప్రశ్న (హనుమకొండ): భద్రకాళి చెరువు మీదుగా మడికొండ దాకా వెళ్ళొస్తే 26 కిలోమీటర్లు రావాలి. రైడ్ రికార్డు చేసే యాప్ 17 చూపించింది. మ్యాప్‌లో గీత చెరువు నీళ్ళ మీదుగా పోయింది. ఫోన్‌లో జీపీఎస్ చెడిందా?

జీపీఎస్ బాగానే ఉంది. సిగ్నల్ బలహీనపడితే గీత అటూ ఇటూ ఊగుతుంది, రోడ్డు వదిలి పక్కిళ్ళ మీదికెక్కి దిగుతుంది. తిన్నగా ఒకే సరళరేఖ వచ్చిందంటే ఆ మధ్యలో అసలు రికార్డింగే జరగలేదు. స్క్రీన్ ఆరాక ఫోన్ మీ యాప్‌ని ఆపేసింది. మీరు మళ్ళీ ఫోన్ తీసినప్పుడు యాప్ లేచి, ఆగిన చోటునూ లేచిన చోటునూ కలిపి గీత గీసేసింది.

సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ రైడ్ యాప్, అందులో బ్యాటరీ తెరిచి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. లొకేషన్ అనుమతిలో ‘ప్రిసైజ్’ ఆన్‌లో ఉండాలి. కొన్ని ఫోన్లలో ‘ఆటోస్టార్ట్’ అని ఇంకో మీట వేరే చోట దాక్కుని ఉంటుంది, అదీ వేయాలి. రైడ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ సేవర్ ఆపాలి. ఇంతా చేశాక తర్వాతి సిస్టమ్ అప్‌డేట్ వస్తే వీటిలో ఒకటో రెండో మళ్ళీ మొదటికి రావచ్చు. స్టార్ట్ బటన్ నొక్కింది మనిషి, నోటిఫికేషన్‌లో టైమర్ నడుస్తూనే ఉంది. అయినా అడక్కుండా ఆ పనిని ఆపేసి దానికి ‘స్మార్ట్’ అని పేరు పెట్టే డిజైన్ ఎవరికోసమో నాకైతే అర్థం కాదు. ప్రకటనలో బ్యాటరీ ఇంకో రెండు గంటలు ఎక్కువ వస్తుందని రాసుకోవడానికి మీ రైడ్ బలవుతోంది. అప్‌డేట్ పడిన ప్రతిసారీ స్క్రీన్ ఆర్పి, కాలనీలో పది నిమిషాలు తిరిగి, గీత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకున్నాకే పెద్ద రైడ్‌కి వెళ్ళండి.

ప్రశ్న (నర్సంపేట): 80 వేలు పెట్టి హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని మౌంటెన్ బైక్) కొన్నాను. యాప్‌లో మా ఇంటి చుట్టూ 200 మీటర్లు కనబడకుండా పెట్టాను. ఇక దొంగల భయం లేనట్టేనా?

ఉంది. చాలామంది ఆ మీట ఒకటి నొక్కి నిశ్చింతగా పడుకుంటున్నారు కాబట్టి దీని గురించి కాస్త విడమరిచి చెప్పాలి.

ఇంటిని కేంద్రంగా పెట్టి యాప్ ఒక వృత్తం గీస్తుంది, దాని లోపలి గీతను చూపించదు. మీరు ఒక ఆదివారం పాకాల వైపు, మరో ఆదివారం వరంగల్ వైపు, ఇంకోసారి మహబూబాబాద్ రోడ్డు వైపు వెళ్ళారు. మూడు రైడ్‌లలోనూ గీత వృత్తం అంచు దగ్గరే మొదలవుతుంది. ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక్క వృత్తం పోతుందని హైస్కూల్ లెక్కల్లోనే చదువుకున్నాం. ఆ మూడు చుక్కలు దొరికితే కేంద్రం దొరుకుతుంది. కేంద్రమంటే మీ గేటు. ఇది ఊహ కాదు. ఫిట్‌నెస్ యాప్‌లలో దాచిన ఇళ్ళను ఈ పద్ధతిలో పట్టుకోవచ్చని 2018లో అమెరికా పరిశోధకులు చేసి చూపించారు. 2017 నవంబరులో ఒక ప్రసిద్ధ యాప్ ప్రపంచ హీట్‌మ్యాప్‌ను, అంటే జనం తిరిగిన దారులు వెలుగుతూ కనబడే పటాన్ని విడుదల చేసింది. అందులో సైనికులు పరుగెత్తిన దారుల వల్ల ఎడారుల్లోని స్థావరాల రూపురేఖలు 2018 జనవరిలో బయటపడి పెద్ద గొడవయింది. సైన్యం గుట్టే దాగనప్పుడు నర్సంపేటలో ఒక ఇల్లు దాగుతుందా?

రెండో లీకు దూరం అంకెలో ఉంది. మ్యాప్‌లో కనబడే గీత 29.4 కిలోమీటర్లుంటే, పైన మొత్తం దూరం 30 అని రాసి ఉంటుంది. దాచిన ముక్క పొడవెంతో యాప్ తానే చెప్పేస్తోంది. అంచు నుంచి అన్ని మీటర్ల లోపల ఉన్న వీధులు ఎన్నో ఉండవు.

మిగతావి మనుషులు చేసుకునేవి. సైకిల్ మోడల్ పేరును ప్రొఫైల్‌లో రాస్తారు. ఇంటి వరండాలో ఫొటో తీసి పెడతారు. ప్రతి ఆదివారం ఐదున్నరకు బయల్దేరి తొమ్మిదికి వస్తారు కాబట్టి ఇంట్లో మీరు లేని వేళ కూడా తెలిసిపోతుంది. మీరు అన్నీ దాచుకున్నా, మీ గేటు ముందు నుంచి రైడ్ మొదలుపెట్టే స్నేహితుడి ఖాతా పబ్లిక్‌గా ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదం వాట్సాప్ గ్రూపులో పంచే జీపీఎక్స్ ఫైల్, అంటే రైడ్ దారిని చుక్కచుక్కగా రాసి ఉంచే ఫైల్. మీ ఖాతా నుంచి మీరే దింపుకున్న ఫైల్‌లో దాచడాలేమీ ఉండవు. మొదటి చుక్క మీ గుమ్మం, పక్కనే సెకన్లతో సహా టైము.

చేయాల్సినవి ఇవి. రైడ్‌లు ఎవరు చూడాలన్న చోట ‘ఫాలోవర్స్’ పెట్టి, ఫాలోవర్లలో ముఖం తెలియనివారిని తీసేయండి. ఆ డీఫాల్ట్ సాధారణంగా ఇకమీదటి రైడ్‌లకే వర్తిస్తుంది, పాతవాటిని విడిగా మార్చాలి. దాచే వృత్తానికి కేంద్రంగా ఇంటి బదులు మూడు నాలుగు వందల మీటర్ల దూరంలో ఏ గుడినో, పెట్రోల్ బంకునో పెట్టండి. వృత్తాన్ని అందుకు తగ్గట్టు పెంచండి. ఇల్లు దాని లోపలే ఉండాలి, నడిమధ్యలో మాత్రం ఉండకూడదు. అన్నిటికన్నా తేలిక, రికార్డింగ్‌ను ఊరు దాటాక మొదలుపెట్టడం. జీపీఎక్స్ పంచే ముందు ఏదైనా టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అది మామూలు అక్షరాల ఫైలే. ‘టీఆర్‌కేపీటీ’ అని మొదలై అదే పేరుతో ముగిసే ఒక్కో ముక్క ఒక్కో చుక్క. మొదట్లో, చివర్లో కొన్ని వందల ముక్కలు పూర్తిగా కొట్టేసి సేవ్ చేయండి. తర్వాత ఖాతా లాగౌట్ చేసి, బయటివారికి మీ ప్రొఫైల్ ఎలా కనబడుతోందో చూడండి.

ఒక మాట అదనంగా. పాకాల చుట్టుపక్కల అడవి అభయారణ్యం. అనుమతి లేని దారిలో తిరగడమే తప్పు, దాన్ని టైముతో సహా పబ్లిక్‌గా పెట్టడమంటే మీ మీద మీరే సాక్ష్యం రాసివ్వడం.

సైకిల్‌కి బ్లూటూత్ ట్రాకర్ తగిలిస్తే సరిపోదా అని మీరే చివర్లో అడిగారు. పక్కనుంచి వెళ్ళే ఫోన్లు దాన్ని గుర్తిస్తేనే అది ఎక్కడుందో మీకు తెలుస్తుంది. హనుమకొండ చౌరస్తాలో పనికొస్తుంది, తాండా దాటిన అడవి దారిలో పనికిరాదు. పైగా వెంట ట్రాకర్ ఉందని కొత్తవారి ఫోన్‌కి హెచ్చరిక పోతుంది, ఆ కొత్తవారిలో దొంగ కూడా ఉంటాడు. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు ఉండే చోటు) కింద చెక్కిన ఫ్రేమ్ నంబర్‌ను ఫొటో తీసి బిల్లుతో పాటు దాచండి. పోలీసులు అడిగేది అదే.

ప్రశ్న (కరీంనగర్): వైర్‌లెస్ గేర్లు హ్యాక్ అవుతాయట. కొనొచ్చా?

2024లో పరిశోధకులు ఒక వైర్‌లెస్ గేర్ వ్యవస్థ సిగ్నల్‌ను రికార్డు చేసి, తిరిగి పంపి, దాదాపు 10 మీటర్ల దూరం నుంచి గేర్లు మార్చి చూపించారు. తయారీదారు ఫర్మ్‌వేర్‌తో సరిచేశారు. అది రేసుల్లో పట్టించుకోవాల్సిన విషయం. ఎల్గందుల దారిలో మీ గేర్లు మార్చాలని రేడియో పట్టుకుని కూర్చునేవారు ఎవరూ ఉండరు. మీరు భయపడాల్సింది ఛార్జింగ్ మరిచిపోయిన బ్యాటరీ గురించి, రాయి తగిలి విరిగే డిరెయిలర్ (గొలుసును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే మర) గురించి. ఆ డిరెయిలర్ ఒక్కటే ఒక మంచి కేబుల్ డ్రైవ్‌ట్రెయిన్ (గొలుసు, పళ్ళ చక్రాలు, గేర్లు మార్చే సామగ్రి) మొత్తం ధరకు వస్తుంది. వద్దు.

ప్రశ్న (జమ్మికుంట): పాత మౌంటెన్ బైక్‌కి 36 వోల్టుల హబ్ మోటార్ కిట్ వేయించాను. ఛార్జర్ పోయింది. స్నేహితుడి దగ్గర 48 వోల్టులది ఉంది, పిన్ను సరిగ్గా పడుతోంది. వాడొచ్చా?

ముందు ప్లగ్ తీసేయండి. తర్వాత చదవండి.

36 వోల్టుల లిథియం అయాన్ ప్యాక్‌లో పది సెల్స్ వరుసగా ఉంటాయి, ఒక్కోటి 4.2 వోల్టుల దాకా. అంటే ఛార్జర్ 42 వోల్టుల దగ్గర ఆగాలి. 48 వోల్టుల ప్యాక్ ఛార్జర్ 54.6 దాకా తోస్తుంది. లోపలి రక్షణ బోర్డు అడ్డుకోవాలి, కానీ చౌక ప్యాక్‌లో ఆ బోర్డును నమ్ముకుని నిద్రపోలేం. ‘36 వోల్టులు’ అనే రాసి ఉన్నా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఛార్జర్ కూడా కుదరదు. దానిది 43.8. తేడా 1.8 వోల్టులేగా అంటారు, కానీ సెల్‌కి 4.38 అవుతుంది. అది మంటకు దారి. ఒకే గుండ్రటి పిన్నును మూడు వోల్టేజీలకు పెట్టి అమ్మడం తయారీదారుల అజాగ్రత్త. పిన్ను పట్టింది కదా అని గుచ్చడం మనది. ఛార్జర్ వెనక ‘అవుట్‌పుట్’ అన్న చోట 42 అని ఉందో లేదో చూడండి, మల్టీమీటర్‌తో ఒకసారి కొలవండి.

ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, ప్యాక్ చల్లబడనివ్వండి. ఈ సెల్స్‌ని సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు దాన్ని సులువుగా దాటుతుంది. మెట్ల కింద, బయటికెళ్ళే తలుపు దగ్గర అసలు పెట్టొద్దు.

మోటార్ ముందు చక్రంలో ఉందా, ఫోర్క్ సస్పెన్షన్‌దా? అయితే మార్పించండి. ఆ ఫోర్క్ కొసలు మోటార్ తిప్పుడుకు తట్టుకునేలా చేసినవి కావు, విరిగితే మీరు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతారు. వెనక చక్రంలో ఉన్నా అల్యూమినియం ఫ్రేమ్‌కి టార్క్ ఆర్మ్ (మోటార్ ఇరుసు తిరిగిపోకుండా పట్టి ఉంచే పట్టీ) తప్పదు. కంట్రోలర్ యాప్‌కి కంపెనీ ఇచ్చిన పాస్‌కోడ్ అలాగే ఉంటే ఈరోజే మార్చండి. ఆ యాప్‌లో స్పీడ్ పరిమితి ఎత్తేసుకున్నవారికి ఇంకో సంగతి: మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నంతవరకే అది చట్టం దృష్టిలో సైకిల్ లెక్క. దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు కావాలి.

ప్రశ్న (పెద్దపల్లి): ఆన్‌లైన్‌లో 21 గేర్లు, డ్యూయల్ డిస్క్, ఫుల్ సస్పెన్షన్ సైకిల్ 16 వేలకు ఉంది. షాపులో 10 గేర్ల హార్డ్‌టెయిల్ 32 వేలు అంటున్నారు. గేర్లు తక్కువ, ధర ఎక్కువ ఎందుకు?

21 అంటే ముందు మూడు, వెనక ఏడు. ముందు చిన్నది 24 పళ్ళు, వెనక పెద్దది 28 అయితే అత్యంత తేలిక గేర్ నిష్పత్తి 0.86. ముందు ఒక్కటే 32 పళ్ళు, వెనక 11 నుంచి 42 దాకా పది ఉన్న సైకిల్‌లో అది 0.76. గుట్ట ఎక్కేది పది గేర్లదే. ఏడు గేర్ల మరతో బిగించే ఫ్రీవీల్ హబ్‌లో కుడి బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది, యాక్సిల్ కొస ఆనుకోవడానికేమీ లేక బండల మీద గెంతితే వంగుతుంది. క్యాసెట్ (హబ్ మీదికి జారించి బిగించే పళ్ళ చక్రాల గుత్తి) ఉన్న హబ్‌లో ఆ బేరింగ్ అంచుకు వస్తుంది. 16 వేలలో వచ్చే వెనక షాక్ ఒక స్ప్రింగు మాత్రమే, తొక్కిన ప్రతిసారీ మీ బలాన్ని తింటుంది.

ఇదంతా ఆ పేజీలో ఎందుకు లేదు? అమ్మే సైట్లలో ‘స్పెసిఫికేషన్స్’ పట్టీ చూడండి. రంగు ఉంటుంది, బెల్ ఉంటుంది, ‘యాప్ సపోర్ట్’ ఉంటుంది, ఈమధ్య ‘ఏఐ రైడ్ అసిస్ట్’ కూడా కనబడుతోంది. వెనక హబ్ ఫ్రీవీలా క్యాసెట్టా ఉండదు. బ్రేకు కేబుల్‌దా హైడ్రాలిక్‌దా అని అడిగితే ‘డిస్క్’ అని జవాబు. హెడ్‌ట్యూబ్ (ఫ్రేమ్ ముందు ఫోర్క్ దూరే గొట్టం) నిటారుదా, కింద వెడల్పుదా అన్నది ఉండదు, రేపు మంచి ఫోర్క్ వేయాలంటే అది తెలియకుండా కుదరదు. ఫోన్లు అమ్మేవారు కెమెరాలు లెక్కపెట్టించి మనల్ని చెడగొట్టారు. అదే పట్టీని సైకిల్‌కి అతికించి గేర్లు లెక్కపెట్టిస్తున్నారు. ఫిల్టర్‌లో ‘21 కన్నా ఎక్కువ’ అని ఎంచుకునే వీలుంది, ‘హైడ్రాలిక్’ అని ఎంచుకునే వీలు చాలాచోట్ల లేదు. ఎంచుకునే వీలు లేనిదాన్ని ఎవరూ అడగరు, ఎవరూ అడగనిదాన్ని ఎవరూ పెట్టరు.

ప్రశ్న (భూపాలపల్లి): పాండవుల గుట్ట వైపు వెళ్ళిన ప్రతిసారీ తుమ్మ ముళ్ళు దిగి పంక్చర్. ఛార్జింగ్ మినీ పంపు కొందామనుకుంటున్నాను.

పంపు గాలి నింపుతుంది, ముల్లు తీయదు. రిమ్, టైరు ట్యూబ్‌లెస్‌కి అనువైనవైతే ఆ డబ్బుతో మార్పించుకోండి. 29 అంగుళాల 2.25 టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్ (రంధ్రాన్ని పూడ్చే ద్రవం) పోయాలి. మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, వాల్వ్ కోర్ (వాల్వ్‌లో మరతో బిగించిన లోపలి ముక్క) తీసి పుల్ల పెట్టి తడి చూసి మళ్ళీ పోయాలి. మొదటిసారి టైరు అంచు రిమ్‌లో కూర్చోవడానికి ఒక్కసారిగా గాలి కావాలి. మినీ పంపు ఆ పని చేయలేదు. సన్న వాల్వ్‌కి అడాప్టర్ తగిలించి పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొట్టించండి. ముల్లు దారిలో కనబడితే పీకి, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి నిమిషం ఆగండి. 70 కిలోల మనిషికి ముందు 23, వెనక 26 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రిమ్ రాయికి తగులుతుంటే రెండు పెంచండి.

ప్రశ్న (కాజీపేట): హ్యాండిల్‌కి ఫోన్ బిగించాక కెమెరా మసకబారింది. స్పీడ్ సెన్సర్ కూడా బైక్ కంప్యూటర్‌కి దొరకట్లేదు.

కెమెరాలో కుదుపును సరిచేసే లెన్స్ భాగం ఆగకుండా వచ్చే అదురుకు దెబ్బతింటుంది. ఒక ఫోన్ తయారీదారు 2021లో మోటార్‌సైకిళ్ళ విషయంలో ఈ హెచ్చరికే చేశారు. మొరం దారి అంతకన్నా మెత్తగా ఉండదు. ఫోన్ జేబులో పెట్టుకోండి. సెన్సర్ సంగతి: ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో దాన్ని జత చేసి ఉంటారు. చాలా సెన్సర్లు బ్లూటూత్‌లో ఒక్క పరికరానికే పలుకుతాయి. ఫోన్‌లో ‘ఫర్‌గెట్’ నొక్కి, బ్లూటూత్ ఆపి, చక్రం తిప్పుతూ కంప్యూటర్‌లో వెతకండి. అప్పటికీ రాకపోతే సీఆర్2032 సెల్ చూడండి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసినవి కొన్నిటిలో కాంటాక్ట్ ఇవ్వవు, పూత లేనిది వేసి మళ్ళీ చూడండి.