ఏమీ తక్కువ లేదు, అయినా ఎందుకీ వెలితి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మంచి ఉద్యోగం, సొంత ఇల్లు, ఇద్దరు పిల్లలు, అప్పుల్లేవు. నాలుగు నెలల కిందట నా ఈడు సహోద్యోగి ఒకాయన నిద్రలోనే పోయారు. అప్పట్నుంచి తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తోంది. నేను బతుకుతున్నది మంచి బతుకేనా అన్న ఆలోచన వదలడం లేదు. మా ఆవిడతో అంటే ‘మనకేం తక్కువైందండీ?’ అంటోంది. ఉద్యోగం మానేసి ఏదైనా సేవ చేద్దామనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఉద్యోగం సంగతి. రాజీనామా ఆలోచనను కనీసం ఆరు నెలలు వాయిదా వెయ్యండి. ఆయన పోయారని రాశారు గానీ, మీకు ఎంత బాధ కలిగిందో ఒక్క ముక్క రాయలేదు. ఆ బాధ ఇంకా మీలోనే ఉంది. పెద్ద నిర్ణయాలు తీసుకోవడానికి ఇది అదును కాదు.

రెండోది మీ నిద్ర. తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. దాంతోపాటు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, ఆకలి తగ్గడం, ఊరికే అలసిపోవడం, మనసు లగ్నం కాకపోవడం వంటివి రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే డాక్టర్‌ని కలవండి. చచ్చిపోతే బాగుణ్ణన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా దిగులుగా ఉంటుంది కాబట్టి డాక్టర్ రక్తపరీక్ష రాయవచ్చు. వైద్యంతో తగ్గే దాన్ని వేదాంతంతో తగ్గించుకోవాలని చూడకండి.

ఇక అసలు ప్రశ్న. ‘ఏం తక్కువ?’ అని లెక్క వేస్తే మీకు జవాబు దొరకదు. ఉన్నవాటికి మనసు అలవాటు పడిపోతుంది. 1978లో కొందరు మనస్తత్వవేత్తలు లాటరీ గెలిచినవాళ్లను మామూలువాళ్లతో పోల్చి చూశారు. గెలిచినవాళ్లు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు, పైగా రోజువారీ చిన్న చిన్న విషయాల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది. గృహప్రవేశం నాటి సంతోషం మీకు ఇప్పుడు లేదంటే అది కృతఘ్నత కాదు, మనసు తీరే అంత.

మీ ఉత్తరంలో మీరు చెప్పుకున్నవన్నీ ఒకసారి సాధిస్తే అయిపోయేవే. ఉద్యోగం వచ్చింది, అయిపోయింది. ఇల్లు కట్టారు, అయిపోయింది. అప్పు తీరింది, అదీ అయిపోయింది. పిల్లలకు అందుబాటులో ఉండే తండ్రిగా ఉండటం, నమ్మదగిన మిత్రుడిగా ఉండటం అలా కావు. నిన్న ఉన్నారని ఇవాళ మానేయడానికి ఉండదు. మంచి జీవితం అనుభూతిలో కంటే జీవితాంతం చేస్తూ ఉండే పనుల్లో ఉంటుందని 2,300 ఏళ్ల కిందటే అరిస్టాటిల్ అన్నది దీని గురించే. మీ జాబితాలో మొదటి రకానివి పూర్తయ్యాయి, రెండో రకానివి అసలు రాసుకున్నట్టు లేదు. మీ వెలితి అక్కడుందని నాకనిపిస్తోంది.

దీన్ని ఆలోచిస్తూ కూర్చుంటే తేలదు. ఒక నోటుబుక్కు తీసుకుని ఏడు రోజులు రాయండి. రెండు మూడు గంటలకోసారి ఏం చేశారు, ఎవరితో ఉన్నారు, ఆ తర్వాత మనసు ఎంత తేలిగ్గా ఉందో పదికి ఎన్ని మార్కులు అని ఒక్క లైను చాలు. రాత్రి పడుకునే ముందు రోజంతటిదీ కలిపి రాస్తే పనికిరాదు, ఆ పూట ఉన్న చిరాకు రోజు మొత్తానికీ అంటుకుంటుంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. గంటసేపు ఫోన్ చూసి ‘విశ్రాంతి’ అని రాసేస్తారు. ఫోన్ అనే రాయండి.

వారం చివర, నోటుబుక్కు తెరవకముందే, వేరే కాగితం మీద మీకు ముఖ్యమైన మనుషుల పేర్లు రాయండి. ఐదుకు మించొద్దు. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఆ వారం ఎన్ని నిమిషాలు దక్కాయో లెక్కపెట్టండి. ‘అబ్బాయితో ఏడు గంటలు’ అని కనిపిస్తుంది అనుకుందాం. అందులో టీవీ నడుస్తున్న సమయం తీసెయ్యండి. మీ చేతిలో ఫోన్ ఉన్న సమయం తీసెయ్యండి. చదువు గురించి, మార్కుల గురించి అడిగింది కూడా తీసెయ్యండి. పన్నెండు నిమిషాలు మిగలొచ్చు. ఆ పన్నెండు దగ్గర కాస్త ఆగండి, బాధేస్తుంది. మీ ప్రశ్నకు జవాబు అక్కడ మొదలవుతుంది.

మనుషుల దగ్గరే ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే, హార్వర్డ్‌లో 1938లో మొదలైన ఒక అధ్యయనం 724 మందిని దశాబ్దాలపాటు గమనించింది. 50 ఏళ్ల వయసులో తమ అనుబంధాలతో తృప్తిగా ఉన్నవాళ్లు 80 ఏళ్లప్పుడు ఎక్కువ ఆరోగ్యంగా కనిపించారు. మొదట్లో అందులో ఉన్నవాళ్లంతా మగవాళ్లే, అనుబంధాల వల్లే ఆరోగ్యం వచ్చిందని ఖాయంగా చెప్పడానికీ లేదు. అయినా 46లో ఉన్న మనిషి పట్టించుకోవలసిన సంగతే.

మొదట ఒక్క మనిషిని ఎంచుకోండి. వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలు చాలు. రోజూ గంట అని మొదలుపెడితే రెండో వారానికే ఆగిపోతుంది. పెరిగిన పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏంటి సంగతులు?’ అంటే విచారణలా ఉంటుంది, ముడుచుకుపోతారు. పక్కపక్కన నడుస్తూనో, పాడైన వస్తువేదో కలిసి బాగుచేస్తూనో ఉంటే మాట దానంతటదే వస్తుంది. రాకపోయినా ఫర్వాలేదు. మొదటి మూడు వారాలు వాళ్లు ఎలా స్పందించారన్నది లెక్కలోకి తీసుకోకండి, మీరు వెళ్లారా లేదా అన్నదే చూసుకోండి.

సేవ చెయ్యాలన్న కోరిక మంచిదే, దానికి రాజీనామా అవసరం లేదు. మీకు బాగా వచ్చిన పనితో, ఒకే చోట, వారానికి రెండు గంటలు, ఎనిమిది వారాలు చేసి చూడండి. చోటు మారుస్తూ పోతే ఎవరూ పరిచయం కారు, మొక్కుబడిగా మిగులుతుంది.

మీ ఆవిడ మాట దగ్గరికి వస్తాను. ‘మనకేం తక్కువైందండీ’ అన్నదాంట్లో ‘నా వల్ల ఏమైనా తక్కువైందా’ అన్న భయం ఉండొచ్చు. బతుకు పరమార్థం గురించి కాకుండా మీ భయం గురించి చెప్పండి. ‘ఆయన పోయినప్పట్నుంచి భయంగా ఉంది. నీ వల్ల కాదు. ఊరికే కాసేపు నా పక్కన కూర్చో’ అంటే చాలు. సలహా అడగకండి, అడిగితే ఆవిడ మళ్లీ ధైర్యం చెప్పడానికే చూస్తుంది.

ఇంకొక్క పని. ఈ నాలుగు నెలల్లో ఆ సహోద్యోగి ఇంటికి వెళ్లారో లేదో మీరు రాయలేదు. వెళ్లకపోతే ఈ వారమే వెళ్లండి. మొదట్లో వచ్చిన జనం ఇప్పటికి తగ్గిపోయి ఉంటారు. ఓదార్పు మాటలు వెతుక్కోనక్కర్లేదు. ఆఫీసులో ఆయన ఎలా ఉండేవారో, ఎవరికి ఏ సాయం చేశారో, మీకు గుర్తున్న ఒక్క సంగతి చెప్పండి. అది ఆ ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు.