సోనీ ఆర్‌ఎక్స్100 కెమెరా చేతిలోంచి జారుతోంది, ఏ గ్రిప్ కొనాలి?

ఆర్‌ఎక్స్100 ముందు భాగం సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది. మోడల్‌ని బట్టి బరువు సుమారు 240 నుంచి 300 గ్రాములే అయినా, వేలు ఆనడానికి చోటు లేకపోవడమే అసలు ఇబ్బంది.

నా ఓటు అంటించే గ్రిప్‌కే. సోనీ అమ్మే ఏజీ-ఆర్2 ఈ సిరీస్ కోసమే చేసింది. కెమెరా జేబులో పట్టడం మానదు, అడుగున బ్యాటరీ మూతకీ అడ్డం రాదు. అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడవండి. జిగురు కాగితం తీయకుండానే పెట్టి, మధ్యవేలు ఎక్కడ ఆనుతుందో చూసుకోండి. ఒకసారి వంకరగా అంటిందంటే పీకి మళ్లీ అంటించడం తలనొప్పి. నాది ఇప్పటికీ కాస్త వంకరే! అంటించాక ఒక రాత్రి కదపకండి.

కెమెరా అడుగున ట్రైపాడ్ స్క్రూ రంధ్రానికి బిగించే మెటల్ గ్రిప్‌లో పట్టు ఇంకా బాగుంటుంది. కానీ బ్యాటరీ, కార్డు తీసే మూత కూడా అడుగునే ఉంది కదా. దానికి సందు వదలని ప్లేట్ అయితే కార్డు తీసిన ప్రతిసారీ స్క్రూ విప్పాలి.

బొటనవేలి గ్రిప్‌లు ఎక్కువగా హాట్ షూలో (కెమెరా పైన ఫ్లాష్ పెట్టే గాడిలో) దూర్చేవే. ఈ సిరీస్‌లో చాలా మోడళ్లకు హాట్ షూ లేదు, కాబట్టి ఆ గ్రిప్‌ల జోలికి వెళ్లకండి. రికో జీఆర్ 3 కెమెరా ఉన్నవాళ్లకైతే పనికొస్తాయి.

ఏది కొన్నా మణికట్టు స్ట్రాప్ మాత్రం తీసేయకండి.