ముందు వడ్డీని కోయి, వంటింటి జోలికి తర్వాత వెళ్దువు

పర్లాకిమిడి

అమ్మడూ,

అల్లుడి జీతం సగానికి పడిందని, పాలు ఒక పూటకే తెప్పిస్తున్నానని రాశావు. పాలు మానకు. ఇల్లాలి చేతిలో ఉండే ఖర్చు వంటింటిదే కాబట్టి కత్తెర ముందు అక్కడే పడుతుంది. కానీ పాల దగ్గర నువ్వు మిగిల్చేదానికి రెండింతలు మీ ఇంట్లో వడ్డీకి పోతూ ఉండొచ్చు. అది ముందు చూడు.

ఒక కాగితం మీద అప్పులన్నీ రాసి, ఒక్కోటీ ఎన్ని రూపాయల వడ్డీయో పక్కన వెయ్యి. నూటికి నెలకి రూపాయంటే ఏడాదికి 12 శాతం. క్రెడిట్ కార్డు బిల్లులో కనీసం ఇంత కట్టండి అని ఒక చిన్న అంకె వేస్తారు. అదొక్కటే కడితే మిగతా దాని మీద చాలా కార్డులకి మూడు, మూడున్నర రూపాయల వడ్డీ పడుతుంది. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. బజారులో మూడు రూపాయలకి తెచ్చిన అప్పూ ఇదీ ఒకటే, కాకపోతే ఇది ఇంటి గుమ్మంలోకి వచ్చి అడగదు కనక భయం తెలియదు.

అదే బంగారం మీద బ్యాంకులో మామూలుగా రూపాయి లోపే దొరుకుతుంది. లెక్క చూడు: 40,000 మూడు రూపాయల మీద ఉంటే నెలకి 1,200 వడ్డీకే. గాజులు బ్యాంకులో పెట్టి అది తీర్చేస్తే వడ్డీ 400 దాటదు. మిగిలిన 800 నెలనెలా అసలుకి జమ చెయ్యి. నామోషీ అనుకోకు, బంగారం ఇలాంటి రోజు కోసమే. ఈ పని రెండు చోట్ల చెడుతుంది. కార్డు ఖాళీ అయింది కదా అని మళ్ళీ గీకడం ఒకటి. తీర్చిన రోజే బ్యాంకుకి చెప్పి దాని లిమిట్ తగ్గించేయండి. తాకట్టు గడువు మరిచిపోవడం రెండోది. వడ్డీ ఏ నెలకానెల కట్టు, గడువు తేదీ గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాయి. గడువు దాటి పలకకపోతే వేలం నోటీసే వస్తుంది.

బండి ఈఎంఐ తేదీకి మూడు రోజుల ముందే ఖాతాలో డబ్బు ఉండాలి. లేక వెనక్కి వెళ్తే బ్యాంకు ఒక ఛార్జీ, అప్పిచ్చినవాళ్ళు ఇంకో ఛార్జీ వేస్తారు. కట్టలేమని తెలిస్తే తేదీకి ముందే వెళ్ళి గడువు అడగమను. తప్పిన తర్వాత వెళ్తే మాటకి విలువ ఉండదు.

తర్వాత ఫోను. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్నచోట నొక్కితే నెలనెలా వాటంతట అవే పోతున్నవన్నీ కనబడతాయి. సినిమాల యాప్ ఫోనులోంచి తీసేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు, ఆటోపే దగ్గరే రద్దు చెయ్యాలి. బ్యాంకు ఖాతాలోంచి పోయే 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్ష బీమాల్ని మాత్రం ఆపించకు. అవి ఏడాదికోసారి మే నెలాఖర్లో కోస్తారు, అప్పటికి ఖాతాలో 500 ఉంచు.

ఇక వంటిల్లు. సిలిండరు తీసుకునేటప్పుడు కాటా వేయించు. మెడ దగ్గర ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే వచ్చేదే కాటా మీదా రావాలి. మంట నీలంగా ఉండాలి. పసుపుగా వచ్చి గిన్నెల అడుగున మసి పడుతోందంటే గ్యాసు సరిగా కాలక వృథా అవుతోందని. పొయ్యి చల్లారాక బర్నరు తల తీసి, వేడి సబ్బునీళ్ళలో నానేసి, కన్నాలు ఒక్కొక్కటీ పిన్నీసుతో పొడిచి, బాగా ఆరాకే పెట్టు. తడి ఉంటే మంట టపటపలాడుతుంది. కందిపప్పు అరగంట నానబెట్టు. కుక్కరు మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టెయ్. ఆ తర్వాత ఎంత పెద్ద మంట పెట్టినా పప్పు త్వరగా ఉడకదు, ఆవిరి బయటికి పోతుందంతే. ఎండాకాలం రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దున్నకి చద్దన్నం. చుట్టూ ఒడియావాళ్ళు పఖాళ అని ఇష్టంగా తినేదే, పిల్లలకి ఆ పేరుతో పెట్టు, మారాం చెయ్యరు.

బియ్యం సంచి 26 కిలోలది అడుగు. 25 కిలోల వరకు లేబుల్ వేసిన సంచి మీద 2022 జూలైలో 5 శాతం జీఎస్టీ వేశారు, 26 కిలోల సంచులు వచ్చింది అందుకే. బియ్యం తప్ప మిగతావి వానాకాలంలో ఎక్కువ కొనకు. చవకని ఐదు కిలోల ఉప్మా రవ్వ తెస్తే ఆగస్టులో పురుగులకే సరిపోతుంది. చింతపండు మాత్రం ఏడాదికి సరిపడా మార్చిలో సంతలోనే కొను. గింజ తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీలో అదిమి పెడితే పాడవదు.

సోనా మసూరి కోసమని బరంపురం నుంచి ఇచ్ఛాపురం బండేసుకుని వెళ్తున్నారటగా. రానూ పోనూ యాభై కిలోమీటర్లు, లీటరు పెట్రోలు, అంటే వందకి పైనే. సంచి మీద వంద మిగలకపోతే ఆ ప్రయాణం దండగ. చుట్టాల ఇంటికి ఎలాగూ వెళ్ళిన రోజున తెచ్చుకోండి, పెట్రోలు మాత్రం మన ఒడిశా వైపే కొట్టించుకుని బయల్దేరండి, ఆంధ్రాలో కన్నా చవక.

కరెంటు దగ్గర లైట్లార్పమని పిల్లల్ని కసరడం కన్నా గీజరు చూసుకో. 2,000 వాట్ల గీజరు అరగంటలో ఒక యూనిట్ తాగేస్తుంది. అదే యూనిట్‌తో 9 వాట్ల బల్బు నాలుగు రోజులు ఆపకుండా వెలుగుతుంది.

అత్తగారి షుగరు, బీపీ మాత్రలు ఒక్క రోజు కూడా మానిపించొద్దు. సర్కారు ఆసుపత్రిలో చూపిస్తే ఒడిశా ప్రభుత్వ నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు. అక్కడ లేనివి జన్ ఔషధి కొట్లో అడుగు. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టర్ని అడగాలి, లేకపోతే కొట్లో దొరకదంటారు. ఎంత మోతాదో కూడా సరిచూసుకో, 500 బదులు 1,000 ఇస్తే ప్రమాదం.

కార్డు బిల్లు, ఈఎంఐ తేదీలు, ఎవరికెంత ఇవ్వాలో అన్నీ రాసి పంపు. ఏది ముందు తీర్చాలో వరస వేసి పంపిస్తాను. గాజులు తీసుకెళ్ళే ముందు బరువు తూయించి చీటీ దాచుకో.

ఆశీస్సులతో,
దొడ్డమ్మ