నైట్‌మేర్స్ ఫ్రమ్ ద డీప్: మిగతా భాగం డబ్బు కట్టి ఆడచ్చా?

ఈ గేమ్‌లో ఫోన్‌లో ఫ్రీగా వచ్చే భాగం అయిపోయింది, మిగతాది డబ్బు కట్టి తెరవాలా వద్దా అని కదా మీ ప్రశ్న. బొమ్మల కోసం, కథ కోసం అయితే కట్టేయండి. బుర్రకు పని చెప్పే పజిల్స్ కావాలనుకుంటే మాత్రం మీకు నిరాశే.

పోలండ్ కంపెనీ ఆర్టిఫెక్స్ ముండి 2012లో తెచ్చిన, బొమ్మల్లో దాగిన వస్తువులు వెతికే గేమ్ ఇది (మొదటి భాగం, ద కర్స్‌డ్ హార్ట్). మ్యూజియంలో పనిచేసే ఒకావిడ కూతుర్ని ఎప్పుడో చచ్చిన సముద్రపు దొంగ లేచొచ్చి ఎత్తుకుపోతాడు. ఆ తల్లి మనమే. వాడి గోల వాడిది, చనిపోయిన ప్రియురాలిని బతికించుకోవాలని. ఆ పాత కథ ముక్కలు ముక్కలుగా బయటపడుతుంటే దొంగ మీద కోపం కాస్తా జాలిగా మారుతుంది. ఈ రకం గేముల్లో విలన్‌ని అంత శ్రద్ధగా రాయడం నేను పెద్దగా చూడలేదు.

2005లో ఇదే రకం గేమ్ మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్ వచ్చినప్పుడు జాబితా చూసి వస్తువులు వెతకడమే దాదాపు ఆటంతా. ఇందులో అలా కాదు. వెతికి పట్టుకున్నది సంచిలో వేసుకుని ఇంకోచోట వాడాలి, మధ్యలో తాళాలు, చక్రాలు తిప్పే చిన్న పజిల్స్. వినడానికి బాగానే ఉంది కానీ తేడా కొట్టేది అక్కడే.

మా అత్తయ్య ఒంగోలు నుంచి ఇక్కడ బెంగళూరులో మా వైట్‌ఫీల్డ్ ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం ట్యాబ్‌లో ఆడేవాళ్లం. జాబితా ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగు లేదు, అందుకని నేను చదివేదాన్ని, ఆవిడ వెతికేవారు. బియ్యంలో రాళ్లేరిన కళ్లు కదా, నేను హింట్ నొక్కేలోపే "అదుగో, ఆ పీపా వెనకాల" అనేసేవారు. కాసేపటికి ఆవిడకే విసుగొచ్చింది. "అదేంటమ్మాయ్, ఇందాకే కత్తి దొరికిందిగా, అప్పుడే ఎక్కడికి పోయింది?" అని. ఆవిడ అన్నది నిజమే. ఏ పనిముట్టయినా దాని పని అవగానే సంచిలోంచి మాయమవుతుంది, కాసేపాగి అలాంటి పనికే ఇంకోటి వెతుక్కోవాలి. పక్కనే రాయున్నా గాజు పగలగొట్టనివ్వదు, గేమ్ చెప్పిన వస్తువే కావాలి. అది తర్కం కాదండీ, తిప్పుడు. ఒకసారి వెతికిన చోటే మళ్లీ వెతికించడం దానికి తోడు.

చిన్న పజిల్స్ సులువు. ఎక్కడన్నా ఇరుక్కున్నా కాసేపాగితే స్కిప్ ఉంది. కష్టంగా ఆడే ఎక్స్‌పర్ట్ మోడ్‌లో, వెతకాల్సిన చోట మెరుపులు చూపించి సాయం చెయ్యదు కాబట్టి కొంచెం నయం, కానీ అప్పుడు కూడా కష్టం కళ్లకే. ఇంకో ముక్క, కథంతా కలిపి నాలుగైదు గంటలు, రెండోసారి ఆడబుద్ధి కాదు.

మెట్రోలో ఆడుకోవడానికని అడుగుతున్నట్టయితే, డౌన్‌లోడ్ అయ్యాక నెట్ అక్కర్లేదు. పర్పుల్ లైన్‌లో కబ్బన్ పార్క్ దగ్గర రైలు సొరంగంలోకి దిగి సిగ్నల్ పోయినా ఆట ఆగదు. కాకపోతే ఫోన్ తెరలో తాళంచెవులు, ఉంగరాలు ఆవగింజంత కనిపిస్తాయి. ఒక చెయ్యి హ్యాండిల్‌కి, ఒక చెయ్యి ఫోన్‌కి అయితే జూమ్ చేసుకోవడం కూడా కుదరదు. సీటు దొరికితేనే.

కట్టేముందు ఎందులో ఆడతారో తేల్చుకోండి. ఫోన్‌లో కొన్నది స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) రాదు, అక్కడ కొన్నది ఇక్కడికి రాదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే నా ఓటు స్టీమ్‌కే, అదీ సేల్ పెట్టినప్పుడు. ఈ కంపెనీ గేములు అప్పుడు బాగా చవగ్గా వస్తాయి.