నీటి అడుగున పనికి ఈత ఒక్కటే చాలదు

ప్రశ్న: మాది సంతబొమ్మాళి మండలంలో తీరగ్రామం. నాన్న చేపల వేట కోసం ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళతారు. నేను ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ పూర్తిచేశాను. ఊపిరి బిగబట్టి చాలాసేపు మునగగలను. నీటి అడుగున కూలికి పనిచేసే కమర్షియల్ డైవర్‌గా శిక్షణ ఇప్పిస్తానని ఒక ఏజెంటు ముందుగా డబ్బు అడుగుతున్నాడు. కట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇప్పుడే కట్టకండి. డైవర్లను పరీక్షించడంలో అనుభవం ఉన్న వైద్యుని చేత ముందు చెవులు, ఊపిరితిత్తులు, గుండె పరీక్ష చేయించుకోండి. కర్ణభేరికి రంధ్రం ఉన్నా, ఉబ్బసం లేదా మూర్ఛ ఉన్నా ఎంతటి గజ ఈతగాడికైనా ఈ వృత్తిలో ప్రవేశం కష్టమే కనుక, ఫీజు కన్నా ముందు తేలవలసిన విషయం ఇదే.

మీరు గొప్పగా చెప్పుకున్న అలవాటునే శిక్షణలో మొట్టమొదట మానుకోవలసి ఉంటుంది. ఒడ్డున పీల్చిన గాలితో మునిగి ఒక్కసారిగా పైకి రావడం వేరు, లోతులో ఒత్తిడితో అందే గాలిని పీల్చి పైకి రావడం వేరు. ముప్పై మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీదకన్నా నాలుగు రెట్లు ఉంటుంది. అక్కడ నింపుకున్న ఊపిరిని బిగబట్టి పైకి వస్తే గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. రక్తంలో కరిగిన నత్రజని, తొందరపడి పైకి వస్తే బుడగలుగా మారి కీళ్లనొప్పులు మొదలుకొని పక్షవాతం వరకు తెస్తుంది. ఎంత లోతున ఎంతసేపు ఉంటే ఎక్కడెక్కడ ఆగుతూ రావాలో తెలిపే పట్టికలను 1908లో బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ బృందం ప్రకటించింది; నేటి పట్టికలకు మూలం అదే.

ఈ పనిలో డైవర్ ఒంటరి కాడు. గాలి గొట్టం, మాట్లాడుకునే తీగ, లోతు కొలిచే సన్నని గొట్టం కలిపి కట్టిన అంబిలికల్‌ను పైన టెండర్ అనే సహాయకుడు పట్టుకుని వదులుతూ, లాగుతూ ఉంటాడు. పక్కనే మరో డైవర్ అత్యవసరంగా దిగడానికి సిద్ధంగా కూర్చుంటాడు. బురదనీటిలో చేతి స్పర్శతోనే బోల్టు బిగించవలసిన రోజులు కూడా వస్తాయి. మీ వెల్డింగ్ విద్య ఇక్కడ నిజంగా అక్కరకు వస్తుంది. ఓడల అడుగుభాగాలు, జెట్టీ స్తంభాలు, ఆనకట్టల గేట్లు, పైపులైన్లు, ఇవన్నీ ఇనుముతో, కాంక్రీటుతో చేసే పనులే.

ఇక ఏజెంటు సంగతి. పర్యాటకులకిచ్చే స్కూబా కార్డు ఈ ఉద్యోగానికి చెల్లదు. చమురు క్షేత్రాలలో పనిచేసే సంస్థలు సాధారణంగా అంతర్జాతీయ మెరైన్ కాంట్రాక్టర్ల సంఘం, అంటే ఇమ్కా, గుర్తించిన ధ్రువపత్రాన్ని అడుగుతాయి. ఏ పాఠశాల, ఏ ధ్రువపత్రం అని ఏజెంటు చేత కాగితం మీద రాయించుకుని, ఇమ్కా జాబితాలో ఆ ధ్రువపత్రం పేరు ఉందో లేదో మీరే స్వయంగా చూడండి. చెప్పడానికి అతడు తడబడితే ఆ బేరం అక్కడే వదిలేయండి.