ఎర లేని గాలం

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు హొనొలులులోని బిషప్ మ్యూజియంలో ముత్యపు చిప్పతో చేసిన గాలాలు చూశాను. ఎర గుచ్చే చోటే లేదు. కొనకు వెనక్కి తిరిగిన ముల్లూ లేదు. వీటికి చేప ఎలా పడుతుందండీ?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చిప్పే ఎరండీ. హవాయి వాళ్ళు దీన్ని 'పా' అంటారు. మన రేవులో సూర అంటాం చూడండి, ఆ ట్యూనా జాతిలోని 'అకు' చేప కోసం చేసింది. చిప్పను చిన్న చేప ఆకారంలో అరగదీసి, ఎముక కొక్కెం కట్టి, కింద పంది వెంట్రుకలు అడ్డంగా బిగిస్తారు. పడవ వెనక నీటి పైపైన లాగుతుంటే అది చిన్న చేప పారిపోతున్నట్టే ఉంటుంది. ఆ మెరుపు పూసిన రంగు కాదు. చిప్పలోని సన్నటి పొరల మీద వెలుగు పడి పుట్టేది. అందుకే ఎండ మారితే మెరుపూ మారుతుంది. జాలర్లు వేరువేరు రంగుల చిప్పలు వెంట ఉంచుకుని, ఆ పూట వెలుగుకు నప్పింది కట్టేవారు.

ముల్లు లేకపోవడమే నాకు బాగా నచ్చిన తెలివి. అకు గుంపు ఎక్కువసేపు నిలవదు. చేప పట్టగానే వెదురు గెడతో పైకి లాగి పడవలోకి విసురుతారు. దారం వదులైతే కొక్కెం దానంతటదే ఊడుతుంది, వెంటనే మళ్ళీ నీళ్ళలోకి. ముల్లుంటే నోట్లోంచి పీకేలోపు గుంపు జారుకుంటుంది!

ఇంట్లో చేసి చూడాలనుకుంటే చిప్పను తడిపి అరగదీయండి, మాస్క్ తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.