ఇంటికి కొత్త ఫైబర్ కనెక్షన్: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మున్నెకొలాలలో అద్దెకుంటున్నాం, రెండు పడగ్గదుల ఇల్లు. ఇద్దరికీ వారంలో కొన్ని రోజులు ఇంటినుంచే పని. బాబుకి ఆన్‌లైన్ ట్యూషన్. ఇప్పుడున్న కనెక్షన్ రాత్రయితే నత్తనడక. గేటు దగ్గర నాలుగు కంపెనీల కరపత్రాలున్నాయి. అందరూ ఫైబరే అంటున్నారు, అందరూ 300 ఎంబీపీఎస్ అంటున్నారు, ధరల్లోనూ పెద్ద తేడా లేదు. దేన్ని ఎంచుకోవాలి?

జవాబు: కరపత్రంలో ఉన్న అంకె కంపెనీ మొత్తానికీ ఒకటే. మీకు అందే ఇంటర్నెట్ మాత్రం మీ వీధి పెట్టె నుంచి మీ గుమ్మం దాకా వచ్చే తీగ మీద, అది తెగిన రోజు ఎంత త్వరగా అతికిస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఒకే కంపెనీ కె.ఆర్.పురంలో బాగా పనిచేసి మీ వీధిలో విసిగించవచ్చు. చివరి అర కిలోమీటరు లైను చాలాచోట్ల స్థానిక ఫ్రాంచైజీ చేతిలోనో, కాంట్రాక్టరు చేతిలోనో ఉండటమే కారణం. అందుకే పేరు చూసి ఎంచుకోకండి, లైను చూసి ఎంచుకోండి.

ముందు మీ బిల్డింగ్ కింద మీటర్ల దగ్గరో, మెట్ల మలుపులోనో ఉన్న ఇంటర్నెట్ పెట్టెలు చూడండి. ఎవరి పెట్టె ఉందో వాళ్ళ లైను ఇప్పటికే లోపలికి వచ్చినట్టు. పెట్టె లేని కంపెనీ ‘రెండు రోజుల్లో ఇస్తాం’ అంటే, పక్క బిల్డింగ్ మీదుగానో చెట్టు మీదుగానో తీగ లాగుతారని అర్థం. అలాంటి లైను తెగే అవకాశం ఎక్కువ.

తర్వాత ఆ పెట్టె నుంచి ఇంట్లోకి ఏం వస్తుందో అడగండి. రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో సన్నటి ఫైబర్ తీగే మీ గదిలోకి వచ్చి ఓఎన్‌టీ అనే చిన్న పెట్టెలో చేరుతుంది. రెండోదానిలో ఫైబర్ బిల్డింగ్ దాకానే వస్తుంది, అక్కడ ఒక స్విచ్ పెట్టి ఇళ్ళకి మామూలు రాగి ల్యాన్ తీగ లాగుతారు. అమ్మేటప్పుడు రెండింటినీ ఫైబర్ అనే అంటారు. రెండో పద్ధతి చెడ్డదేమీ కాదు, కానీ అందులో మూడు లోపాలు రావచ్చు. కరెంటు పోయినప్పుడు కింది స్విచ్‌కి జనరేటర్ గానీ యూపీఎస్ గానీ లేకపోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. ల్యాన్ తీగ 100 మీటర్లు దాటితే సిగ్నల్ నమ్మకంగా అందదు. పిడుగులు పడే రోజుల్లో ఆ రాగి తీగ గుండా రౌటర్ పోర్టు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లోకి నేరుగా ఫైబర్ వచ్చే అవకాశం ఉంటే మా ఓటు దానికే.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రాత్రి పరీక్ష. సాధారణంగా కనిపించే జీపాన్ పద్ధతిలో (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్ళు పంచుకునే ఏర్పాటు) ఒక ఫైబర్ మీద సుమారు 2.5 జీబీపీఎస్ (2,500 ఎంబీపీఎస్) డౌన్‌లోడ్, 1.25 జీబీపీఎస్ అప్‌లోడ్ ఉంటాయి. దాన్ని స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్ళకి పంచుతారు. అందరూ ఒకేసారి వాడరు కాబట్టి ఇది మామూలుగా సరిపోతుంది. అసలు ఇరుకు దీనికన్నా పైన, ఆ ప్రాంతానికి కంపెనీ ఎంత బ్యాండ్‌విడ్త్ తెచ్చిందన్న దగ్గర వస్తుంది. అది బయటపడేది రాత్రి 8 నుంచి 11 మధ్యలోనే. అదే బిల్డింగ్‌లో, వీలైతే మీ అంతస్తులోనే, మీరు చూస్తున్న కంపెనీ కనెక్షన్ ఉన్నవాళ్ళని అడిగి రాత్రి 9 గంటలకి స్పీడ్ టెస్ట్ పెట్టించండి. సర్వర్‌గా (వేగం కొలవడానికి అవతల ఉండే కంప్యూటర్) ఆ కంపెనీదే వస్తే మార్చి చెన్నైలోనో ముంబైలోనో ఉన్న వేరే సర్వర్ ఎంచుకోండి. సొంత సర్వర్ దగ్గర అన్ని కంపెనీలూ మెరుగ్గానే కనిపిస్తాయి. డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్, పింగ్ (సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం) కూడా చూడండి. చెన్నై సర్వర్‌కి పింగ్ రాత్రిళ్ళు పగటికి మూడు నాలుగు రెట్లు పెరుగుతుంటే అక్కడ లైను నిండిపోయినట్టే. వాళ్ళనే ఇంకో ప్రశ్న అడగండి: కిందటిసారి ఆగిపోయినప్పుడు ఎన్ని గంటలకి వచ్చి బాగుచేశారు? నెలకి వంద రూపాయల తేడా కన్నా ఈ జవాబు విలువైనది.

ఇక వేగం. హెచ్‌డీ వీడియో కాల్‌కి వచ్చేవైపూ పోయేవైపూ 4 ఎంబీపీఎస్ చాలు. 4కే సినిమాకి 25 ఉంటే ధారాళం. మీ ఇద్దరి కాల్స్, బాబు క్లాసు, హాల్లో టీవీ అన్నీ ఒకేసారి నడిచినా 50 దాటడం అరుదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ మీకు సరిపోతుంది, అప్‌లోడ్ కూడా 100 ఇస్తేనే. అది కచ్చితంగా అడగండి, ఎందుకంటే పాత కేబుల్ టీవీ తీగ మీద ఇచ్చే కనెక్షన్లలో అప్‌లోడ్ బాగా తక్కువ ఉంటుంది. మీ గొంతు, మీ ముఖం అవతలికి చేరేది అప్‌లోడ్ మీదే. పెద్ద ఫైళ్ళు దించుకునేవాళ్ళకి మాత్రం 300 వల్ల లాభముంది. 50 జీబీ ఫైలు 100 ఎంబీపీఎస్‌లో గంటా పది నిమిషాలు తీసుకుంటే 300లో పాతిక నిమిషాల్లోపే అయిపోతుంది.

డబ్బు విషయం. 999 అన్న ప్లాన్ మీద 18 శాతం జీఎస్టీ పడితే 1,179 అవుతుంది. ఇన్‌స్టలేషన్ ఉచితం అన్నచోట సాధారణంగా ఆరు నెలలదో సంవత్సరానిదో డబ్బు ముందే కట్టమంటారు. మీది పదకొండు నెలల అద్దె ఒప్పందమైతే సంవత్సరం కట్టకండి. మొదట ఒక్క నెల తీసుకోండి, ఇన్‌స్టలేషన్‌కి వెయ్యి రూపాయలు పోయినా సరే. ఓటీటీలు ఉచితం అంటే ఆ జాబితాలో ఆహా, ఈటీవీ విన్ ఉన్నాయో లేదో చూసుకోండి. మీరు చూడని యాప్‌లు ఎన్ని ఇచ్చినా ధర తగ్గినట్టు కాదు. ‘అన్‌లిమిటెడ్’ పక్కన చిన్న అక్షరాల్లో నెలవారీ హద్దు ఉంటుంది. 3,300 జీబీ అయితే మామూలు ఇంటికి భయం లేదు.

మొబైల్ నంబరులాగా బ్రాడ్‌బ్యాండ్‌లో పోర్టింగ్ లేదు. కొత్తది పెట్టించి, వారం రోజులు మీ ఆఫీసు వీపీఎన్‌తో సహా వాడి చూసి, ఆ తర్వాతే పాతది తీయించండి.

ప్రశ్న: బొమ్మనహళ్ళిలో మా ఫ్లాటుకి 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. రౌటర్ దగ్గర ల్యాప్‌టాప్‌కి తీగ పెట్టినా 94 దాటడం లేదు. లోపలి గదిలో ఫోన్‌కి 30 కూడా రాదు. కంపెనీవాళ్ళు ‘మావైపు అంతా సరిగ్గానే ఉంది’ అంటున్నారు.

జవాబు: మీవి రెండు వేరు వేరు సమస్యలు. 94, 95 అంకె మమ్మల్ని అడిగితే దాదాపు రోగ నిర్ధారణే. ఎక్కడో ఒకచోట లింకు 100 ఎంబీపీఎస్ మీద ఆగిపోయింది. ల్యాన్ తీగలో ఎనిమిది పోగులుంటాయి. గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) ఎనిమిదీ కలవాలి, నాలుగే కలిస్తే 100 దగ్గర ఆగుతుంది. లైన్‌మ్యాన్ నాలుగు పోగులే క్రింప్ చేసి (కొనకి బిగించి) ఉండొచ్చు, లేదా ఒక పోగు విరిగి ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 100 అని ఉంటే ముందు రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి పెట్టిన తీగ మార్చి క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 రకం తీగ పెట్టండి. అప్పటికీ 100 అనే ఉంటే రౌటర్ పోర్టులో గానీ ల్యాప్‌టాప్ పోర్టులో గానీ 100 మించని రకం ఉంది. చవక రౌటర్లలో ఇది ఇప్పటికీ ఉంది. లింకు 1000 చూపిస్తూ వేగం మాత్రం 94 వస్తుంటే, బిల్డింగ్ స్విచ్ నుంచి రౌటర్‌కి వచ్చే తీగ మీద అనుమానం పెట్టుకోండి. అది కంపెనీ బాధ్యత. రెండు చివరలూ ఎనిమిది పోగులతో మళ్ళీ క్రింప్ చేయమనండి.

లోపలి గది సంగతి వైఫైది. చాలా ఫ్లాట్లలో తీగ గుమ్మం పక్కనో టీవీ వెనకో తేలుతుంది, రౌటర్‌ని కూడా అక్కడే టీవీ యూనిట్ అరలో దాచేస్తారు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు దాటేసరికి చిక్కిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటుతుంది కానీ అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అందులోనే మోగుతుంటాయి. ఫోన్ దాన్ని పట్టుకుంటే 30, 40 మించి రాకపోవడం మామూలే. రౌటర్‌ని ఇంటి మధ్యకి, తల ఎత్తుకి తెండి. 2.4కి ఛానల్ 1, 6, 11 లో ఖాళీగా ఉన్నది పెట్టి వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. మెష్ (ఇల్లంతా వైఫై అందించడానికి కలిసి పనిచేసే రౌటర్ల సెట్టు) కొనేముందు గోడలోని పైపు గుండా లోపలి గదికి ఒక క్యాట్ 6 తీగ లాగే వీలుందేమో చూడండి. తీగతో కలిపిన మామూలు రౌటర్, తీగ లేని ఖరీదైన మెష్ కన్నా స్థిరంగా పనిచేస్తుంది.

కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్ళకి ఒక మాట: ఇన్‌స్టలేషన్ రోజునే ఫైబర్‌ని హాలు మధ్యదాకా లాగమని అడగండి. ఇంకో పది మీటర్ల తీగ ఖర్చు తక్కువ, తర్వాత మార్చడం కష్టం.

ప్రశ్న: హోరమావులో సొంత ఇల్లు. వాన పడితే చాలు, ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఒక్కోసారి దానంతట అదే పోతుంది. కంపెనీ మారితే తీరుతుందా?

జవాబు: ఎర్రగా వెలిగే ఎల్‌ఓఎస్ లైటుకి అర్థం ఓఎన్‌టీకి వెలుతురు అందడం లేదని. రౌటర్ ఆపి మళ్ళీ వేసినందువల్ల ఇది బాగుపడదు. ఫైబర్ అనే ఈ గ్లాసు తీగకి తడి వల్ల నేరుగా నష్టం లేదు. వాన నీళ్ళు బయటి పెట్టెలోని జాయింట్‌లోకి దిగడం, బరువెక్కిన కొమ్మ తీగని లాగడం, గాలికి తీగ ఊగి వంపు దగ్గర నొక్కుకుపోవడం, ఇవీ కారణాలు. దానంతట అదే తిరిగొస్తోందంటే తీగ పూర్తిగా తెగలేదు, ఎక్కడో సరిహద్దు మీద నడుస్తోంది.

దాన్ని అంకెతో పట్టుకోవచ్చు. ఓఎన్‌టీ పేజీ తెరిచి (చాలావాటికి 192.168.1.1, పాస్‌వర్డ్ పెట్టె అడుగున ఉంటుంది) ఆప్టికల్ పవర్‌లో రిసీవ్ అంకె చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం (వెలుతురు బలానికి కొలత) మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గరికొస్తే ఏ క్షణమైనా పడిపోతుంది. మూడు డీబీ తగ్గడమంటే వెలుతురు సగమైపోవడం. ఎండ రోజున ఒకసారి, వాన రోజున ఒకసారి ఆ అంకె ఫోటో తీసి పెట్టుకోండి. లైన్‌మ్యాన్‌కి ‘నెట్ పోతోంది’ అని చెబితే రౌటర్ మార్చి వెళ్ళిపోవచ్చు. ‘మైనస్ 21 ఉండేది, వానకి మైనస్ 28 అవుతోంది’ అంటే మాత్రం జాయింట్ వెతకక తప్పదు. అతను వచ్చినప్పుడు ఇంటి లోపలి కనెక్టర్ తుడిపించండి. ఆకుపచ్చ కనెక్టర్‌ని ఆకుపచ్చ దానికే, నీలం దాన్ని నీలానికే కలపాలి. వాటి కొనలు కోసిన కోణాలు వేరు, ఒక రంగుని ఇంకో రంగుకి కలిపితే వెలుతురు వృథా అవుతుంది. మేకు చుట్టూ బిగించి తిప్పిన చోట్లు విప్పించి, వంపు వెడల్పుగా ఉండేలా సర్దించండి.

కంపెనీ మారడం గురించి: కొత్తవాళ్ళ తీగా అదే స్తంభం మీద, అదే కొమ్మల మధ్యనుంచి వస్తే ఫలితం అదే. పైగా 2024లో కరెంటు సంస్థ బెస్కాం తన స్తంభాల మీద అనుమతి లేకుండా కట్టిన ఫైబర్, డిష్ కేబుళ్ళని తొలగించడానికి పూనుకుంది. అలా వేలాడే లైను ఏ కంపెనీదైనా ఒకనాడు తెగుతుంది. మీ వీధిలో భూమి లోపలి పైపు గుండా లైను తెచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, ధర కొంచెం ఎక్కువైనా వాళ్ళే మేలు.

ప్రశ్న: హొసకోటె రోడ్డు వైపు కొత్త లేఅవుట్. ఫైబర్ రాలేదు, ఎయిర్‌ఫైబర్ తీసుకోమంటున్నారు. అది ఫైబరేనా?

జవాబు: కాదు. డాబా మీద పెట్టిన పెట్టె 5జీ టవర్ నుంచి సిగ్నల్ అందుకుంటుంది, అంతే. జియో దీన్ని 2023 సెప్టెంబరులో బెంగళూరుతో సహా ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టింది. టీవీకి, మామూలు వాడకానికి పనికొస్తుంది. అప్‌లోడ్ తక్కువ, పింగ్ ఒక్క తీరున ఉండదు, సాయంత్రాలు టవర్ రద్దీని బట్టి మారుతుంది, నెలవారీ డేటా హద్దు కూడా ఫైబర్ కన్నా తక్కువే. మీకు టవర్ నేరుగా కనిపిస్తూ ఉంటే తీసుకోండి, కానీ ఎక్కువ నెలలు ముందే కట్టకండి. ఫైబర్ వచ్చిన రోజు మారిపోవాలి.

ప్రశ్న: కంపెనీ మారాక ఇంటి సీసీ కెమెరాలు ఆఫీసు నుంచి కనబడటం లేదు. ఇంట్లో వైఫైలో ఉంటే కనబడుతున్నాయి.

జవాబు: కొత్త కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే చిరునామా) చాలా ఇళ్ళకి పంచుతోంది. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అదే సంగతి. పాత రౌటర్‌లో చేసిన పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి కెమెరాలకి దారి ఇచ్చే సెట్టింగ్) ఇప్పుడు పనిచేయదు. డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) తయారీదారు యాప్‌లో క్లౌడ్ లేదా పీ2పీ ఆన్ చేసి, డీవీఆర్ మీది క్యూఆర్ స్కాన్ చేస్తే చాలామందికి సరిపోతుంది. లేదంటే నెలకి అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మీకు మాత్రమే ఇచ్చే, మారని చిరునామా) తీసుకోవాలి. కనెక్షన్ తీసుకునే ముందే దాని ధర అడగండి.

ప్రశ్న: పాత కనెక్షన్ ఆపమని చెప్పి నెల దాటింది. డిపాజిట్ రాలేదు, బిల్లు మాత్రం వస్తోంది.

జవాబు: ఫోన్‌లో చెప్పినది లెక్కలోకి రాకపోవచ్చు. యాప్‌లోగానీ ఈమెయిల్‌లోగానీ రద్దు కోరి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఓఎన్‌టీ, అడాప్టర్ తిరిగి ఇచ్చేటప్పుడు పెట్టె మీది సీరియల్ నంబరు కనబడేలా ఫోటో తీసి, రసీదు అడగండి. పెట్టె అందలేదన్న కారణంతోనే ఎక్కువ డిపాజిట్లు ఆగిపోతాయి. జవాబు రాకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి ఆ ఫిర్యాదు నంబరుతో అప్పీలు పెట్టండి, చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడివిడి వినియోగదారుల ఫిర్యాదులు పరిష్కరించదు, అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసి కంపెనీకి పంపిస్తారు. బ్యాంకులో ఆటోపే పెట్టి ఉంటే దాన్ని మాత్రం ఈరోజే ఆపేయండి.